పార్కుకు తాళం కాదు, కాపలా కావాలి: పురపాలక కమిషనర్ గారికి, కాలనీ సంక్షేమ సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక కమిషనర్ గారికి, కాలనీ సంక్షేమ సంఘం కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

మన కాలనీ మధ్యనున్న పార్కు చుట్టూ ఎనిమిది అడుగుల ఎత్తున ఇనుప చువ్వల కంచె కట్టి, ఒకే ఒక గేటు పెట్టి, దాన్ని ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు మాత్రమే తెరిచి, తాళంచెవిని సంఘం దగ్గర ఉంచాలన్న ప్రతిపాదన గురించి ఈ లేఖ రాస్తున్నాం. ఇదే విషయమై పురపాలక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం, ప్రజావాణిలోనూ అర్జీ పెట్టుకున్నాం. రెండుచోట్లా రసీదు చేతికి వచ్చింది గాని సమాధానం రాలేదు. ఈలోగా పార్కు అంచు వెంట సున్నం గీతలు పడ్డాయి, స్తంభాల గుంతలకు కొలతలు తీసుకున్నారు. పని మొదలయ్యాక చెప్పే అభ్యంతరాన్ని ఎవరూ పట్టించుకోరు కనుక, మా మాటను అందరి ముందూ పెడుతున్నాం. ఈ లేఖపై సంతకాలు చేసినవారిలో కాలనీలో సొంత ఇళ్లున్నవారు, అద్దెకుంటున్నవారు, వెనుక బస్తీవారు, ఎదురు వీధి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవారు ఉన్నారు.

పార్కులో జరుగుతున్న నష్టాన్ని మేం కాదనడం లేదు. ఓపెన్ జిమ్ పరికరాలకు పెడళ్లు లేవు, ఊయల గొలుసులు పోయాయి, మొక్కల చుట్టూ పెట్టిన ఇనుప ట్రీగార్డులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. దీపస్తంభాల అడుగున మూతలు ఊడదీసి తీగలు లాగేయడంతో పడమటి వైపు చాలాకాలంగా చీకటిగా ఉంది. తెల్లవారి చూస్తే బెంచీల కింద బీరు సీసా పెంకులు కనిపిస్తున్నాయి; చెప్పులు లేకుండా ఆడుకునే పిల్లల కాళ్లకు అవి గుచ్చుకుంటున్నాయి. కంచె కావాలంటున్న పెద్దల్లో చాలామంది మొదట్లో చందాలు వేసుకుని అక్కడి వేప, కానుగ మొక్కలు నాటినవారే. కళ్లముందే అది పాడవుతుంటే వారికి కలిగే బాధ మాకు అర్థమవుతుంది. మాకూ వారికీ తేడా ఒక్కచోటే వస్తోంది: ఈ కంచె పార్కును పాడుచేస్తున్నవారిని ఆపలేదు, వాడుకుంటున్నవారిని మాత్రం తప్పకుండా ఆపుతుంది.

ఎందుకంటే, నష్టం ఎక్కడ ఎప్పుడు జరుగుతోందో గమనిస్తే దాని కారణం తెలిసిపోతుంది. పార్కుకు పడమట, అంటే నీళ్ల ట్యాంకు వైపు, ఇప్పటికే ఆరడుగుల ప్రహరీ ఉంది. సీసా పెంకులు ఎక్కువగా దొరికేది ఆ గోడ లోపలి వైపే, తీగలు పోయింది ఆ వరుస స్తంభాలవే. ఇళ్లకు ఎదురుగా, రోడ్డు మీద వెళ్లేవారికి కనబడేలా ఉన్న తూర్పు వైపు బెంచీలు దాదాపు చెక్కుచెదరలేదు. గోడ దొంగకు అడ్డం పడలేదు సరికదా, చాటు ఇచ్చింది. జరిగిన వరుసనూ గుర్తుచేసుకోండి: ముందు కాపలాదారును తీసేశారు, తరువాత దీపాలు పోయాయి, చీకటి పడ్డాక ఆడవాళ్లు రావడం మానేశారు, ఖాళీ అయిన ఆ చోటికి తాగేవాళ్లు వచ్చారు. ఈ వరుసలో ఎక్కడా కంచె లేకపోవడం అన్నది కారణంగా కనబడదు. పైగా ట్రీగార్డులను కోసి పాత ఇనుముగా అమ్ముకునేవారికి, పార్కు చుట్టూ వందల అడుగుల ఇనుప చువ్వలు నిలబెట్టి చూపితే వారు భయపడతారని అనుకోవడం ఎంతవరకు సబబో ఇంజినీరింగ్ విభాగంవారే చెప్పాలి.

కబ్జాల భయం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కంచె గురించి జరిగిన సమావేశంలో కొందరు దాన్ని ఆ కారణంతో సమర్థించారు. ఖాళీ స్థలానికి హద్దు ఉండాలన్నది న్యాయమైన మాటే. హైదరాబాద్‌లో 2024లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఆక్రమణలు తొలగించి, పార్కు స్థలాలకు కంచెలు వేసి బోర్డులు పెట్టడం మనం చూశాం. అయితే ఆక్రమణదారుకు ఇది ప్రజల స్థలమని చెప్పడానికి వేసే హద్దు వేరు, ప్రజలకే సమయం చెప్పి తాళం వేసే కంచె వేరు. మొదటిదానికి మోకాలి ఎత్తు పిట్టగోడ, సర్వే రాళ్లు, పురపాలక సంఘం పేరున ఒక బోర్డు సరిపోతాయి.

అసలు ఈ స్థలం ఎవరిది అన్న ప్రశ్న కూడా ఈ చర్చలో మరుగున పడుతోంది. లేఅవుట్ వేసేటప్పుడు నిబంధనల ప్రకారం పదో వంతు స్థలాన్ని అందరి కోసం వదిలి, దాన్ని పురపాలక సంఘానికి రాసిస్తారు. మన పార్కు అలా వచ్చినదే. అంటే అది ప్లాట్లు కొన్నవారి ఉమ్మడి పెరడు కాదు, సంఘ సభ్యత్వంతో ముడిపడిన ఆస్తి అంతకన్నా కాదు. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకు ఉద్దేశించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్ కోసం కేటాయిస్తే, 1991లో సుప్రీంకోర్టు దాన్ని చెల్లదంది, ఆ ప్రాంతంలో నివసించేవారికి ప్రశ్నించే హక్కు ఉందని స్పష్టం చేసింది. కంచె వేయడం, స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చేయడం ఒకటేనని మేం వాదించడం లేదు. అది అతిశయోక్తి అవుతుంది. కానీ తాళంచెవి ఒక ప్రైవేటు సంఘం చేతికి పోయి, సభ్యత్వ కార్డు చూపినవారికే ప్రవేశమన్న మాట (అది సమావేశంలో వినబడింది) అమలైతే, కాగితం మీద పార్కుగా ఉంటూనే ఆ స్థలం ప్రజలది కాకుండా పోతుంది.

కంచె, ఒకే గేటు, ఆ వేళలు అమలైతే ఎవరికి ఏం జరుగుతుందో కింద వివరిస్తున్నాం.

1. హాస్టళ్లలో ఉండి కానిస్టేబుల్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న యువతీయువకులు తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు గంటలకే ఈ పార్కు చుట్టూ పరుగు తీస్తారు. తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాల్సి వచ్చింది. జిల్లా కేంద్రంలోని స్టేడియానికి వెళ్లాలంటే వీరికి బస్సు ఛార్జీలు, సమయం రెండూ కావాలి. పొద్దున 6 గంటలకు గేటు తెరిస్తే అప్పటికే కోచింగ్ తరగతికి బయలుదేరే వేళ అవుతుంది. ఇక మిగిలేది లారీలు తిరిగే బైపాస్ రోడ్డు. ఆ చీకట్లో, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ రోడ్డు మీద పరిగెత్తాలని ఎవరు కోరుకుంటారు? పైగా తెల్లవారుజామున పార్కులో మనుషులు ఉండటం వల్లే ఆ వేళ అక్కడ ఏ దొంగతనమూ జరగడం లేదన్నది మరిచిపోకూడదు. జీతం లేని కాపలాను మనమే బయటికి పంపుతున్నాం.

2. పగలు 9 నుంచి సాయంత్రం 5 మధ్య పార్కును వాడుకునేది ఎవరో కాలనీలో ఉద్యోగాలకు వెళ్లేవారికి కనబడదు. నాలుగిళ్లలో పనిచేసే అక్కలు ఒక ఇంటి పని ముగించి మరో ఇంటికి వెళ్లేలోపు సద్దిగిన్నె విప్పేది కానుగ చెట్టు కిందే. భవన నిర్మాణ కూలీలు, డెలివరీ పనిచేసే కుర్రాళ్లు, ఇస్త్రీ బండి ఆయన నడుం వాల్చేది అక్కడే. మే నెలలో రేకుల ఇళ్లలో పగటిపూట ఉండలేక బస్తీలోని వృద్ధులు పసిపిల్లలను తీసుకుని నీడకు వస్తారు. ప్రతిపాదిత వేళల పట్టికలో వీరి వేళ అసలే లేదు. పట్టిక తయారుచేసినవారికి వీరిపై కోపం ఉందని మేం అనడం లేదు, వీరు గుర్తుకు రాలేదు, అంతే.

3. రాత్రి 8 గంటలు అన్నది మగవారి గడియారం. వంట, పిల్లల చదువు, భోజనాలు అయ్యాక ఇల్లాళ్లకు కాస్త నడిచే తీరిక దొరికేది ఎనిమిదిన్నర తరువాతే. దీపాలు వెలిగిన రోజుల్లో పదింటి వరకు గుంపులుగా వారు నడవడం ఈ కాలనీ చూసింది.

4. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వరకు 9 రోజులు కాలనీవారు, బస్తీవారు కలిసి ఆడేది ఈ పార్కులోనే. నాలుగు దిక్కులనుంచి బతుకమ్మలు ఎత్తుకుని వచ్చే వందలమంది ఒకే గేటులోంచి లోపలికి పోవడం, రాత్రి తొక్కిసలాట లేకుండా బయటికి రావడం ఎలాగో ఈ నమూనా గీసినవారు ఆలోచించారా? పండుగ రోజుల్లో తాళం తీస్తామని సంఘం పెద్దలు హామీ ఇస్తున్నారు. వారి మాట మీద నమ్మకం ఉంది గాని, ఏటా అనుమతి అడిగి ఆడాల్సిన స్థితి రాకూడదన్నది మా మనవి. (ప్రసంగవశాత్తు: పార్కు నేలలో ఏటా పందిరి గుంజల కోసం గోతులు తవ్వి పూడ్చకుండా వదిలేసేది బస్తీ పిల్లలు కాదు, గణేశ్ ఉత్సవ కమిటీలు. ఆ నష్టం ఏ సమావేశంలోనూ లెక్కకు రాలేదు.)

5. పశువులు, బండ్లు రాకుండా ఆపడానికి మనిషి పక్కకు తిరిగి మాత్రమే దూరగల మెలిక దారిని గేటు పక్కన పెడతారని నమూనాలో ఉంది. చక్రాల కుర్చీలో వచ్చేవారు, చేతికర్రతో నడిచేవారు, పసిపిల్లల తోపుడు బండితో వచ్చే తల్లులు అందులోంచి వెళ్లలేరు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రజా స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. కుర్చీ పట్టేంత సందులోంచి స్కూటీ కూడా పడుతుందన్న ఆక్షేపణ నిజమే. దానికి ఇనుము జవాబు కాదు, అక్కడ ఒక మనిషి ఉండాలి.

6. తాగేవాళ్లు కంచె చూసి తాగడం మానరు, చోటు మారుస్తారు. బెర్లిన్ నగరంలోని గోర్లిట్జర్ పార్కుకు కంచె వేసి రాత్రిళ్లు మూసేయాలని 2023లో అక్కడి ప్రభుత్వం నిర్ణయిస్తే, మత్తుమందులు అమ్మేవాళ్లు పార్కు వదిలి తమ వీధుల్లోకి, ఇళ్ల మెట్ల మీదికి వస్తారని చుట్టుపక్కలవారు ఆందోళన చేశారు. మన దగ్గర ఆ చోటు ఏదో ఊహించడం కష్టం కాదు: ఆడపిల్లల హాస్టల్ వెనుక సందు, లేదంటే అంగన్‌వాడీ అరుగు.

7. గేటు ఉన్నచోట గేటు దగ్గర నిలబడేవారి అభిప్రాయాలు కూడా నిబంధనలవుతాయి. 2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదంటూ బ్యానర్ కట్టారు. విమర్శలు వెల్లువెత్తాక దాన్ని తొలగించారు. మహానగరంలో కనుక అది వార్త అయింది. మన ఊళ్లో ఫలానా బస్తీ పిల్లలను రానివ్వొద్దని నోటిమాటగా చెబితే అది వార్త కూడా కాదు. ఇప్పటికే టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే పిల్లలను, ఎవరూ కళ్లతో చూడకపోయినా, దొంగలుగా మాట్లాడుతున్నారు. వారిలో పదేళ్లవాళ్లున్నారు. దీపస్తంభం మూత విప్పి తీగ లాగడం వారి పని కాదని ఆ పెద్దలకూ తెలుసు.

మరోచోట ఏం చేశారో చూద్దాం. ముంబయి దాదర్‌లోని శివాజీ పార్కు దేశంలోనే పేరున్న మైదానాల్లో ఒకటి. సచిన్ టెండూల్కర్ చిన్నతనంలో సాధన చేసింది అక్కడే. దాని హద్దు ఎత్తైన కంచె కాదు, చుట్టూ ఉన్న పొట్టి గోడ. దాన్ని కట్టా అంటారు. పొద్దున్నుంచి రాత్రి దాకా జనం దానిమీద కూర్చుంటారు, అంటే హద్దే మైదానానికి కాపలా. న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు కథ ఇంకా సూటిగా మనకు వర్తిస్తుంది. ఆ పార్కు వీధి కన్నా ఎత్తున, ఇనుప కంచె, దట్టమైన పొదల వెనుక ఉండేది. 1970ల్లో మత్తుమందుల అమ్మకానికి అడ్డాగా మారింది. నగర స్థలాల్లో మనుషుల కదలికలను గమనించి అధ్యయనం చేసిన విలియం వైట్, ఆ చాటే అసలు జబ్బని, లోపల ఏం జరుగుతోందో బయటివారికి కనబడాలని సూచించారు. 1988లో పునర్నిర్మాణం కోసం మూసి, పొదలు తీసేసి, దారులు వెడల్పు చేసి, ఎక్కడికంటే అక్కడికి జరుపుకోగల కుర్చీలు వేసి 1992లో మళ్లీ తెరిచారు. కుర్చీలు ఎత్తుకుపోతారని అందరూ భయపడే నగరంలోనే ఈ పని చేశారు. దానికి నిర్వహణ, సిబ్బంది, డబ్బు కూడా తోడయ్యాయన్నది నిజం. మా కోరికలలోనూ కాపలాదారు ఉన్నది అందుకే.

ఇక డబ్బు సంగతి. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం హరిత పనులకు కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ట్రీగార్డులు పోయి, నీరు పెట్టేవారు లేక ఎండిన మొక్కలు పార్కు నిండా ఉండగా, కంచె ఖర్చును ఏ పద్దు కింద రాస్తున్నారో తెలుసుకునే హక్కు పన్ను కట్టేవారికి ఉంది. ఇక ప్రజల ఆస్తిని ధ్వంసం చేసినవారికి అయిదేళ్ల వరకు జైలుశిక్ష విధించే చట్టం 1984 నుంచి అమలులో ఉంది. దీపాలు పగిలిన, తీగలు పోయిన ఏ సందర్భంలోనైనా పోలీసు ఫిర్యాదు ఇచ్చారా అని మేం అడిగితే ఒక్క కాగితం కూడా చూపలేకపోయారు. దొంగను వెతకని ఊళ్లో దొంగతనానికి మందు కంచె ఎలా అవుతుంది?

కాబట్టి కమిషనర్ గారిని, సంఘం కార్యవర్గాన్ని ఈ కింది విధంగా కోరుతున్నాం.

1. కంచె పనిని తక్షణం నిలిపివేయాలి. అంచనా పత్రం, నమూనా, నిధుల పద్దు, ఎవరి తీర్మానంతో పని మంజూరైందో చూపే ప్రతిని పార్కు దగ్గరా, వార్డు కార్యాలయంలోనూ తెలుగులో ప్రదర్శించాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి నెల రోజులు ఎదురుచూడాల్సిన విషయం కాదిది.

2. తీగలు పోయిన స్తంభాలన్నింటికీ కొత్త తీగలు వేసి, మూతలను చేతికందని ఎత్తులో బిగించి, దీపాలు వెలిగించాలి. వెలగని దీపం గురించి చెప్పడానికి ఒక ఫోన్ నంబరు స్తంభం మీదే రాయాలి.

3. సాయంత్రం 6 నుంచి తెల్లవారుజామున 5 వరకు ఇద్దరు కాపలాదారులను వంతులవారీగా నియమించాలి. అవకాశముంటే ఆ పని బస్తీవారికే ఇవ్వాలి. అక్కడి పిల్లలు ఎవరో, బయటినుంచి వచ్చేవారు ఎవరో వారికి ముఖాలతో సహా తెలుసు.

4. నీళ్ల ట్యాంకు వైపు ప్రహరీని మూడడుగులకు తగ్గించాలి. మిగతా మూడు వైపులా హద్దు తప్పదనుకుంటే, కూర్చోవడానికి వీలైన పిట్టగోడ కట్టి, ప్రతి వీధి ఎదుటా ఒక దారి వదలాలి. వాటిలో కనీసం రెండు చక్రాల కుర్చీ పట్టేలా, వాలుగా ఉండాలి. ఏ దారికీ తాళం ఉండకూడదు, ఏ పేరుతోనూ ప్రవేశ రుసుము గాని సభ్యత్వ కార్డు గాని ఉండకూడదు.

5. ఇకపై జరిగే ప్రతి నష్టానికి పురపాలక సంఘమే పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. పాత ఇనుప సామాన్ల కొట్లలో ట్రీగార్డులు, జిమ్ పైపులు కొనకుండా తనిఖీలు చేయించాలి. కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు.

6. పైన చెప్పినవి ఏడాది అమలు చేశాక కూడా నష్టం తగ్గకపోతే, కంచె గురించి తిరిగి చర్చించడానికి మేం సిద్ధం. ఆ చర్చ పురపాలక చట్టం ఏర్పరచిన నాలుగు వార్డు కమిటీల ముందు, అంటే యువత, మహిళలు, వృద్ధులు, పౌర ప్రముఖుల కమిటీల ముందు జరగాలి. సంఘం ఆఫీసు గదిలో సభ్యుల మధ్య జరిగేదాన్ని ప్రజాభిప్రాయంగా మేం అంగీకరించం.

సంఘం పెద్దలకు ప్రత్యేకంగా ఒక మనవి. మీరు కంచె కోసం ఇళ్లవారీగా సేకరించిన విరాళాల సొమ్మును కాపలాదారుల జీతానికి, దీపాలకు మళ్లించడానికి దాతలను మీరే ఒప్పించగలరు. మేం మీతోపాటు ఇంటింటికీ వస్తాం. పార్కు కమిటీలో బస్తీ నుంచి ఇద్దరికి, హాస్టల్ విద్యార్థుల నుంచి ఒకరికి చోటివ్వండి.

కమిషనర్ గారు పార్కులోనే బహిరంగ విచారణ ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. దాన్ని పనిదినం పగటిపూట పెడితే కూలికి, ఇళ్లలో పనికి వెళ్లేవారు రాలేరు కనుక ఏదైనా ఆదివారం సాయంత్రం పెట్టండి. తేదీని వారం ముందుగా బస్తీలో కూడా దండోరా వేయించి తెలియజేయండి. ఆలోగా మీరు ఒకసారి రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడ వైపు వచ్చి చూడండి. టార్చిలైటు వెంట తెచ్చుకోవాల్సి వస్తుంది. ఈ లేఖకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలని, అది వచ్చేవరకు గుంతలు తవ్వే పని మొదలుపెట్టవద్దని మరోసారి కోరుతున్నాం.

ఇట్లు,
పార్కును వాడుకుంటున్న కాలనీ, బస్తీ, హాస్టళ్ల నివాసులు
(సంతకాల పత్రాలు జతచేశాం)

ప్రతులు: జిల్లా కలెక్టర్ గారికి, స్థానిక శాసనసభ్యులకు, పోలీసు స్టేషన్ ఇన్‌స్పెక్టర్ గారికి